కోట త్రాగిన నీరు

గుంతకల్లునుండి బెంగుళూరు పోవు రైలులో కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికునకు అనంతపురము సీమలోని రెండు మహాదుర్గములును ఒక్క పగటిలోనే దర్శనమిచ్చును. మొదట గుత్తి: చదునైన మైదానము నడుమ ఒక్కసారిగా లేచి నిలిచిన రాతికొండ, దాని నడుముచుట్టును పెనవేసికొన్న ప్రాకారములు. పిదప అనంతపురమును, ధర్మవరమును దాటి దక్షిణముగా పోయిన కొలదియు నేల ఎఱ్ఱబాఱి, గుట్టలు ఒకదానికొకటి చేరువై, వాని నడుమ పెనుకొండ కానవచ్చును. బండిలోనివారిలో ఎవరో ఒకరు ఆ కోటను ఏ రాజు కట్టించెనని అడుగుదురు. శ్రీకృష్ణదేవరాయలని మఱియొకరు తడుముకొనక చెప్పుదురు. కోటలోని సొరంగములను గూర్చియు, పాతరలను గూర్చియు కొంతసేపు మాటలు సాగును. ఆ దారిని పోవుచు వచ్చుచు ఇన్నేండ్లలో నేను ఒక్కసారియైనను వినని ప్రశ్న ఒకటి కలదు: ఆ కొండమీద, ఆ గోడల నడుమ, అన్ని వేలమంది జనులును, ఏనుగులును, గుఱ్ఱములును ఏ నీరు త్రాగి బ్రదికినవి?

ప్రశ్న చిన్నదే. కాని ఈ సీమలో మొట్టమొదట అడుగవలసినది అదియే. ఇచ్చట ఏడాదికి సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును చెప్పిన వేళకు వచ్చునది కాదు. నైరృతి ఋతుపవనములు మోసికొని వచ్చు మేఘములను పడమటి కనుమలు అడ్డగించి తమ ఆవలనే కురిపించుకొనును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమున బరువు దించుకొని, ఇచ్చటికి చేరునప్పటికి రిక్తహస్తములతో వచ్చును. ఇరువైపుల వానలకును దూరమైన ఈ పీఠభూమిమీద పెన్నయు, చిత్రావతియు, వేదవతియు వాన పడిన కొన్ని దినములు నదులై, తక్కిన కాలమంతయు ఇసుకబాటలై పడియుండును. అట్టి నేలమీద ఒక రాజు కోట కట్టించెననగా, అతడు ముందుగా తలపోసినది రాయి పేర్చుటను గూర్చి కాదు, నీరు నిలుపుటను గూర్చియే యని నా నిశ్చయము. గోడ శత్రువును ఆపగలదు, దాహమును ఆపలేదు. అయినను మన చరిత్రగ్రంథములు గోడలను కొలిచినవి, బురుజులను లెక్కించినవి, ముట్టడుల తేదీలను తేల్చినవి. చెఱువులను, కాలువలను మాత్రము వ్యవసాయమను వేఱొక అధ్యాయములోనికి త్రోసి చేతులు దులుపుకొన్నవి. కోటను ఒకచోటను, చెఱువును మఱియొకచోటను చదువు ఈ అలవాటు తప్పని చెప్పుటకే నేనీ వ్యాసమునకు పూనుకొన్నాను; ఎందుకనగా ఆ తప్పు పుస్తకములలో నిలిచిపోక, నేడు మనము కోటలను కాపాడు తీరులోనికి కూడ దిగివచ్చినది.

పెను అనగా పెద్ద. పెనుకొండ అనగా పెద్దకొండ. సంస్కృతమున ఇదియే ఘనగిరి. విజయనగరమునకు పునాది పడకమునుపే ఇది జైనులకు విద్యాస్థానమని ప్రసిద్ధి; పచ్చరాతి పార్శ్వనాథుడు నేటికిని ఊరిలో పూజలందుకొనుచున్నాడు. హిందువులును ముస్లిములును ఒక్కతీరుగా బాబయ్యస్వామి యని కొలుచు బాబా ఫక్రుద్దీను దర్గాయు అంతటి ప్రాచీనతయే చెప్పుకొనును. కోటగా దీని చరిత్ర మాత్రము బుక్కరాయలతో ప్రారంభమగుచున్నది. ఉత్తరపు వాకిలిని ఎఱ్ఱమంచి వాకిలి యందురు. మనిషి నిలువును మించిన ఆంజనేయుడు దానికి కావలి. అచ్చటి 1354వ సంవత్సరపు శాసనమువలన, బుక్కరాయలు పెనుకొండ రాజ్యమును తన కుమారుడైన వీరవిరూపణ్ణ ఒడయరున కప్పగించెననియు, అతని యేలుబడిలోనే కోట కట్టబడెననియు తెలియుచున్నది. మన సీమ పిల్లలకు ఈ శాసనమును గూర్చి చెప్పువారు కొందఱైనను కలరు. దీనికి ముప్పదినాలుగేండ్లు చిన్నదైన మఱియొక శాసనమును గూర్చి చెప్పువారు అరుదు. నా దృష్టిలో పెనుకొండకు అసలైన శంకుస్థాపనపత్రము ఆ రెండవదే.

అది శకవర్షము 1310, అనగా క్రీస్తుశకము 1388 నాటిది. నేడు కర్ణాటకములో చేరిన గౌరీబిదనూరు ప్రాంతమున నిలిచినది. రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాపబుక్కరాయలు పెనుకొండ పట్టణమున కొలువుండెను. ప్రాణులకు నీరే ప్రాణమనియు, ప్రజలందఱును సుఖముగా నుండవలెననియు తలచి అతడు నిండుకొలువులో ఒక ఆజ్ఞ యిచ్చెను: పెన్నానదిని పెనుకొండకు తేవలెను. ఆజ్ఞ నందుకొన్నవాడు సింగయభట్టు. ఆ శాసనము అతనిని పది విద్యలలో ఆఱితేరినవాడనియు, జలసూత్రమెఱిగినవాడనియు కొనియాడుచున్నది. సింగయభట్టు నదినుండి కాలువ త్రవ్వించి సిరువెర చెఱువునకు కలిపి, దానికి ప్రతాపబుక్కరాయ మండల కాలువ యని తన ప్రభువు పేరు పెట్టి, ఆ పనినంతయు రాతిమీద చెక్కించెను. శాసనభాషలో ఆ నది పేరు హెన్నె. మన పకారము కన్నడమున హకారమగుట వాడుకయే గనుక, హెన్నెయు పెన్నయు ఒక్క నదికే రెండు నోళ్లు పలికిన పేర్లు.

ఈ నాలుగు వాక్యముల శాసనమును చదివిన ప్రతిసారియు నేను కొంతసేపు ఆగిపోదును. ఇందులో యుద్ధము లేదు, దిగ్విజయము లేదు, శత్రురాజుల కిరీటముల ప్రస్తావన లేదు. ఒక యువరాజు నిండుకొలువులో, మంత్రిసామంతుల యెదుట, ఒక ఇంజనీరును పేరుపెట్టి పిలిచి నీటిపని అప్పగించుట మాత్రమే కలదు. కొండలనడుమ ఎత్తుపల్లములు చూచుకొనుచు, నీరు తనంత తాను పాఱునట్లు వాలు నిర్ణయించుచు, ఒక నదిని తన పడకనుండి ప్రక్కకు మరల్చుటకు ఎంతటి గణితము, ఎంతటి నేలపరిచయము కావలయునో, కాలువపని చేసినవారికి తెలియును. ఆ విద్య గలవానిని రాజ్యము గుర్తించినది, గుర్తించి రాతికెక్కించినది. నేడు మన పర్యాటకులు పెనుకొండలో చూచు కట్టడములలో దేనియందును సింగయభట్టు కనిపించడు. అతడు కట్టినది కంటికి కనబడు కట్టడము కాకపోవుటయే అతని అపరాధము కాబోలు.

ఇట్టి విద్య ఆ కాలమున ఒక్క పెనుకొండకే పరిమితమైనది కాదు. కడపజిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనము కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అచ్చట అనంతరాజసాగరమను చెఱువు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని లెక్క చెప్పి, మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, చెడ్డ చెఱువునకు ఆఱు దోషములును ఆ శాసనము వివరించుచున్నది. కట్టనుండి నీరు ఊరుట, ఉప్పునేల, చెఱువు నడుమ మిట్ట, తక్కువ నీటితో ఎక్కువ భూమిని తడుపబూనుట మొదలగు దోషములలో ఒకదానిని చదివినపుడు మాత్రము గుండె కలుక్కుమనును: రెండు రాజ్యముల పొలిమేరమీద చెఱువుండరాదట. ఆఱువందల యేబది యేండ్ల నాటి ఆ మాట నేటి పెన్నకు ఎంత సరిగా అతుకుచున్నదో చూడుడు. నందికొండలలో పుట్టి, కర్ణాటకాంధ్రముల సరిహద్దును అటునిటు దాటుచు వచ్చు ఆ నదిమీద ఎగువనొక రాష్ట్రము కట్టలు కట్టుకొన్నది, దిగువనొక రాష్ట్రము కట్టుకొన్నది; పేరూరువద్ద మనవారు కట్టిన జలాశయము దశాబ్దములపాటు నిండక ఆకాశమువైపు చూచుచు కూర్చున్నది. సింగయభట్టునకు ఈ చిక్కు లేదు. అతని శాసనమున్న ఊరును, అతని ప్రభువున్న ఊరును ఒకే రాజ్యములోనివి.

పెనుకొండ శిల్పమును గూర్చి ఇప్పుడు చెప్పవలెను. మొదట గోడలు. కొండనుండి చీల్చిన పెద్దపెద్ద రాళ్లను ముందువైపు చక్కగా చెక్కి, వెనుకవైపు సన్నముచేసి, సున్నముతో పనిలేకుండ ఒకదానిలో నొకటి బిగించి, లోపల మట్టియు కంకరయు కూరి కట్టుట విజయనగరపు ప్రాకారపద్ధతి. రాతికి రాయియే పట్టు. ప్రాకారము కొండ చఱియలను తనలో కలిపికొని, రాయి యున్నచోట గోడ మాని, రాయి లేనిచోట గోడయై, ప్రకృతి యెక్కడ ఆగినదో మనిషి యెక్కడ మొదలిడెనో తెలియనీయకుండ సాగును. వాకిళ్లు నేరుగా లోనికి తెఱచుకొనవు. ఒక మలుపు తిరిగి, మఱియొక గోడకు ఎదురై, శత్రువు ఏనుగును పరుగెత్తింపలేనట్లు ప్రవేశము వంకరవోవును. పిరంగులు, తుపాకులు వచ్చిన పిమ్మట ఈ పాత గోడలమీదనే సున్నపు పిట్టగోడలు లేచి, కాలక్రమమును గోడయే చెప్పునట్లైనది.

ఊరిలోని గగనమహలు నాకు మిక్కిలి ఇష్టమైన కట్టడము. క్రింద కమానుల వసారా, లోపల గుమ్మటపు కప్పులు, గచ్చుతో తీర్చిన లతలు, పైని గదులు, మూలనొక దేవాలయశిఖరమువలె అంతస్తులుగా సన్నగిల్లుచు పోవు గోపురము. కమాను బహమనీలనుండి వచ్చినది. శిఖరము మన కోవెలలనుండి వచ్చినది. రెండింటిని కలిపినవాడు కలిపితినన్న సంగతియే మఱచినంత సహజముగా కలిపెను. హంపిలోని కమలమహలును, చంద్రగిరిలోని రాజమహలును చూచినవారికి ఈ మూడును ఒక కుటుంబమని తోచక మానదు. కొంచెము దూరములో ప్రక్కప్రక్కనే రామాలయమును శివాలయమును; ఒకదాని గోడమీద రామాయణ కృష్ణలీలలు, మఱియొకదాని గోడమీద శివలీలలు. ఊరిలోనే షేర్‌ఖాను మసీదు. వాదములకు తావులేని ఈ పొరుగుతనమును గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు, నడిచి చూచినచాలును. అచ్యుతదేవరాయల కాలమున ఈ పెనుకొండ కోశమునకు అధికారియైన మఱియొక విరూపణ్ణయే లేపాక్షి వీరభద్రాలయమును కట్టించినవాడు. అనగా లేపాక్షి స్తంభముల సొగసులోను, ఆ మహానంది మెడలోని గంటలలోను ఈ కొండ క్రింది ఆదాయము కొంత కరగియున్నది. ఆ ఆదాయము ఎచ్చటిది? చెఱువు క్రింద పండిన వరిది.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధము జరిగి, రామరాయలు హతుడై, హంపి పాడుపడెను. అతని తమ్ముడు తిరుమలరాయలు నామమాత్రపు చక్రవర్తియైన సదాశివరాయలను వెంటబెట్టుకొని, 550 ఏనుగులమీద ధనమెత్తించుకొని వెడలిపోయెనని చరిత్రకారుడు రాబర్టు సూయెలు వ్రాసెను. 1567లో హంపిని చూచిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు, రాజు తన కొలువుతో అచ్చటికి ఎనిమిది దినముల ప్రయాణములో నున్న పెనుకొండ దుర్గమునకు తరలిపోయినాడని చెప్పినాడు. అంతటినుండి ఇరువదియైదేండ్లకు పైగా, మిగిలిన సామ్రాజ్యమునకు పెనుకొండయే గుండె. తిరుమలరాయలు ఇచ్చటనే ఆరవీటి వంశమునకు సింహాసనము వేసెను. రామరాజభూషణుడు వసుచరిత్రమును అతనికే అంకితమిచ్చెను. ఓడిన సామ్రాజ్యము వేలమందితో, పశువులతో, పండితులతో, పరిచారికలతో ఒక కఱవుసీమలోని కొండయూరిమీదికి వచ్చి వ్రాలినదన్న సంగతిని మన చరిత్రకారులు ధనపు లెక్కలతోను, వంశవృక్షములతోను చెప్పి ఊరకుండిరి. ఆ ఊరు వారినందఱిని మోసినది. వీరవిరూపణ్ణ గోడ ఎంత సాయపడెనో, సింగయభట్టు నేర్చిన విద్యయు అంత సాయపడియుండును.

1576లో బిజాపురపు అలీ ఆదిల్‌షా మూడు నెలలు పెనుకొండను చుట్టుముట్టెను, కోట లొంగలేదు. 1589 ప్రాంతమున గోలకొండ మహమ్మదు కులీ కుతుబ్‌షా వచ్చి ముట్టడించెను. పెనుకొండనేలు వేంకటపతిరాయలు సంధి మాటలు నడపుచు మూడు దినముల వ్యవధిలో కోటలోనికి భోజనసామగ్రిని నింపుకొనెను; అతనికి తోడుగా జగదేవరాయలు తన బలముతో లోనికి చొచ్చుకొని వచ్చెను. ఇంతలో వానకాలము దగ్గఱపడెను. కృష్ణ పొంగినచో తన రాజ్యముతో తనకు సంబంధము తెగునని భయపడి కుతుబ్‌షా డేరాలెత్తివేసెను. ఎన్నడును కృష్ణను చూడని పెనుకొండను ఆ నాడు కృష్ణానది కాపాడినది! ఆ పిదప 1592 ప్రాంతమున రాజధాని చంద్రగిరికి పోయెను; పెనుకొండ పదునేడవ శతాబ్ది నడుమ బిజాపురము వశమయ్యెను. ఆ తరువాతి చేతులు మారుటను గూర్చి నేను చెప్పబోను. దానికంటె గుత్తికథ ముఖ్యమైనది.

గుత్తిని బుక్కరాయల శాసనశ్లోకము దుర్గములకెల్ల రాజుగా కీర్తించి, అతని సార్వభౌమత్వమను చక్రమునకు ఇరుసువంటి దానినిగా పోల్చినది. కొండమీద 108 బావులు, కొలనులు కలవని వాడుక. పదునెనిమిదవ శతాబ్దిలో అది మహారాష్ట్ర వీరుడు మురారిరావు ఘోరపడే స్థానమయ్యెను. కొండ అంచున, పాతాళమువంటి లోయపై, నునుపైన రాతితో కట్టిన చిన్న మంటపమును నేటికిని మురారిరావు గద్దె యందురు. హైదరాలి 1776లో గుత్తిని పట్టిన తీరును బ్రిటిషు చరిత్రకారుడు విల్క్సు సవివరముగా వ్రాసెను. క్రింది కోటయు, పేటయు ముందుగా పడిపోయెను. జనులును, పశువులును తండోపతండములుగా పైకోటకు ఎక్కిరి. గోడలు నిలిచినవి, మందుగుండు నిలిచినది, మనుష్యుల ధైర్యము నిలిచినది, నీరు నిలువలేదు. అన్ని నోళ్లకు ఆ బావులు చాలలేదు. మురారిరావు సంధి కోరెను. పండ్రెండు లక్షలు కప్పము. ఎనిమిది లక్షలు వెంటనే చెల్లించి, తక్కిన నాలుగు లక్షలకు తాకట్టుగా ఒక సేనాని కొడుకును హైదరు శిబిరమునకు పంపిరి. ఆ యువకుడు హైదరు పంక్తిలో భోజనముచేయుచు, పౌరుషము చంపుకొనలేక, లోపల నీరున్నచో తాము ఎన్నటికిని లొంగకయే పోవువారమని, ఇంక మూడు దినములకే నీరున్నదని పలికెను. హైదరు ఏదో నెపము కల్పించి ఆ తాకట్టును త్రిప్పిపంపి, సంధిని రద్దుచేసి, ముట్టడిని మరల బిగించెను. కొలదిదినములకే గుత్తి పడిపోయెను. మురారిరావు కబ్బాళదుర్గమున బందీయై అచ్చటనే మరణించెను.

ఈ కథను నేను చిన్నతనమున మురారిరావు వీరగాథగా విన్నాను. హైదరు కుటిలనీతికి ఉదాహరణముగా పిదప చదివినాను. ఇప్పుడు నాకు అది ఒక చెఱువు కథగా వినబడుచున్నది. గుత్తిని జయించినది ఫిరంగి కాదు. రాతికొండమీది బావులు వానకు నిండునవి. ఏటి వానను బట్టి, దండును బట్టి వానికొక కొలత కలదు. ఆ కొలతను మించి జనమెక్కిన దినమున దుర్గరాజమైనను మామూలు రాతిగుట్టయే. నూటయెనిమిది బావుల కోట నీటికి లొంగిపోయినదన్న సంగతి, బోర్లమీద బోర్లు వేయుచున్న నేటి అనంతపురము రైతుకు ఎవరును విప్పి చెప్పనక్కరలేదు.

గుత్తి పడిన ఇరువదినాలుగేండ్లకు, 1800లో, నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తముచేసెను. మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామసు మన్రో 1807 వఱకు ఇచ్చట ఊరూర తిరిగి భూమి లెక్క గట్టినవాడు. అతడు తన నివేదికలో ఒక మాట వ్రాసెను: ఈ సీమలో క్రొత్త చెఱువులు త్రవ్వింపబూనుట దాదాపు వ్యర్థప్రయత్నమట, ఎందుకనగా చెఱువునకు అనువైన ప్రతి తావును ఇచ్చటి జనులు మునుపే వాడుకొనియుండిరట. కుంపిణీ కొలువులోని పరదేశీయుడు మన పూర్వులకిచ్చిన ఇంతటి యోగ్యతాపత్రమును మనము గోడకు తగిలించుకొనలేదు. చెఱువు త్రవ్వినవారికి, బాగుచేయువారికి ఆయకట్టులో పదవ పాలు వచ్చునట్లు దశబంధ మాన్యములు, తూము తెఱచి మూయు నీరుగంటివానికి ఊరి గింజలు, వరద వచ్చినపుడు కట్టమీదికి ఇంటికొక మనిషి. ఇది కేవలము రాజాజ్ఞ కాదు, ఊరి నడవడి. అనంతపురము పట్టణము పేరే చెఱువునుండి వచ్చినది: 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వాగునకు అడ్డుకట్ట వేసి చెఱువు నిలిపి, కట్టకు ఒక కొసను బుక్కరాయసముద్రమును, మఱియొక కొసను అనంతసాగరమును వెలయించెను. ఆ కట్ట తెగినపుడు దానిలోనికి నడచిపోయిన కోడలు ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యముగా వ్రాయగా తెలుగుదేశమంతయు చదివినది. మన సీమలో కోటకొఱకు ప్రాణమిచ్చినవారి పేర్లు కొన్ని నిలిచినవి; చెఱువుకొఱకు ప్రాణమిచ్చినదాని పేరు మాత్రము ఇంటింట నిలిచినది.

మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించెను. గుత్తికొండ క్రింద అతనిని పాతిపెట్టి, 1831లో అస్థికలను మదరాసునకు తీసికొనిపోయిరి. పత్తికొండలో అతని జ్ఞాపకార్థము ప్రభుత్వము చేయించినది ఒక మెట్లబావియు, ఒక తోపును. మదరాసులో గుఱ్ఱముమీది కంచువిగ్రహము నిలిచినది. రెండింటిలో ఏది ఈ సీమకు తగిన స్మారకమో, ఎండకాలమున పత్తికొండ దారిని నడిచినవాడు చెప్పగలడు.

ఇక నేటి సంగతి. 2022 ఏప్రిలునుండి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కోట ఉత్తరపు వాకిలికి పేరిచ్చిన ఆ ఎఱ్ఱమంచి పొలములలోనే 2017 ఒప్పందము ప్రకారము కియా కార్ల కర్మాగారము లేచినది. 2019నుండి అచ్చట బండ్లు తయారగుచున్నవి. దానికి నీరు గొల్లపల్లి జలాశయమునుండి వచ్చుచున్నది. ఆ జలాశయమునకు హంద్రీనీవా కాలువద్వారా శ్రీశైలమునుండి కృష్ణ వచ్చుచున్నది. 1589లో దూరమునుండి పెనుకొండను కాపాడిన కృష్ణ ఇప్పుడు పంపులమీద ఎక్కి స్వయముగా పెనుకొండకు చేరినది. నేను దీనిని నిరసించువాడను కాను. గొల్లపల్లి కట్టమీద నిలిచి ఆ నీటిని మొదటిసారి చూచినపుడు నా కన్నులు చెమర్చిన మాట నిజము. 1388లో నిండుకొలువులో వెడలిన ఆజ్ఞకు ఆఱు శతాబ్దులు దాటిన పిమ్మట అంతటి మఱియొక ప్రయత్నము జరిగినది. సంతోషింపవలసినదే.

కాని ఆ కట్టమీదినుండి వెనుదిరిగి కొండవైపు చూచినచో మనసు కుదుటపడదు. కోటలను కాపాడు పట్టికలలో మనము చేర్చుకొన్నవి గోడలు, వాకిళ్లు, మహళ్లు, గుళ్లు. గోడ చుట్టును కంచె వేయుదుము, ఫలకము నాటుదుము. ఆ గోడ ప్రక్కనుండి కొండనీటిని కోనేటికి చేర్చిన వంక మాత్రము ఏ పట్టికలోను లేదు. గోడరాయిని కదలించుట నేరము. వంకను పూడ్చి ఇల్లు కట్టుట నేరమని ఎవరికిని తోచదు. సీమలోని పెక్కు చెఱువులలో సర్కారుకంప అడవియై అల్లుకొన్నది, మరువ రాళ్లు ఊడినవి, తూములు మూసుకొనినవి. కొండమీది దొనలలో పూడిక పేరుకొని, వాన కురిసిన నాడును అవి నీటికి చోటీయలేకున్నవి. కోటను చూడవచ్చినవాడు సీసానీరు కొనుక్కొని త్రాగి, ఖాళీ సీసాను కోనేటిలోనే పాఱవేసిపోవుచున్నాడు. చెఱువు పోయిన తరువాత మిగిలిన గోడ ఎంత గట్టిదైనను, అది సగము కోటయే. ఒక యంత్రములో చక్రమును పూజించి, దానిని త్రిప్పిన నీటిధారను పూడ్చినవారితో మనకు పోలిక.

కావున పురావస్తుశాఖవారికిని, రెండు జిల్లాల అధికారులకును, ముఖ్యముగా ఈ ఊళ్ల ప్రజలకును నా విన్నపము ఇది. దుర్గమనగా ప్రాకారము మాత్రమే కాదని, కొండవాలులు, దొనలు, కోనేళ్లు, వంకలు, దిగువ చెఱువులు, వాని కట్టలు, తూములు, మరువలు అన్నియు కలిసి ఒకే కట్టడమని చట్టము గుర్తింపవలెను. ఒక గోడను సున్నముతో అతుకుటకు ముందు, ఆ గోడవెంట నీరు ఏ దారిని పోయెడిదో గీత గీచి చూచుకొనవలెను. గుత్తి బావులను, పెనుకొండ కోనేళ్లను పూడిక తీసి, ఒక్కొక్కటి ఎంత నీరు పట్టునో, ఏ నెలవఱకు నిలుచునో ఏటేట కొలిచి వ్రాయవలెను. హైదరుకు తెలిసిపోయిన ఆ మూడు దినముల లెక్క మనకు తెలియకుండుట సిగ్గు. పర్యాటకమునకని వెచ్చించు సొమ్ములో దీపాలంకారములకు, విగ్రహములకు పోవు భాగమును తగ్గించి ముందుగా ఈ పనికి మరల్చవలెను. ఈ పని ఖర్చుతో కూడినదని కొందఱందురు. ఇది క్రొత్తగా కట్టుట కాదు. మన్రో చెప్పినట్లు, అనువైన తావులన్నియు మునుపే నిర్ణయింపబడియున్నవి. పూడిక తీసిన చెఱువు క్రింద రైతు బావికి ఊట పెరుగును. బావి నిండినచో బోరుకొఱకు చేయు అప్పు తగ్గును. వేరుశనగ వేసి ఆకాశమును చూచు రైతు ఉన్నంతవఱకు, చెఱువు ప్రాచీనావశేషము కానేరదు. దశబంధమువంటి ఏర్పాటును నేటి రీతికి మార్చి, చెఱువు కాపాడిన ఊరికి ఆదాయములో పాలు పంచుట కూడ అసాధ్యము కాదు.

ఆ దొనలను, ఆ తూములను ఎఱిగినవారు ఇంకను ఊళ్లలో కొందఱున్నారు. గొఱ్ఱెలకాపరికి కొండమీది ఏ పల్లములో మాఘమువఱకు నీరుండునో తెలియును. నీరుగంటి వంశమువాడు కట్టమీద నడచుచు ఎచ్చట నీరు ఊరుచున్నదో పాదముతో చెప్పగలడు. వారిని అడిగి వ్రాసికొనుటకు మనకు మిగిలిన వ్యవధి ఒక తరమే.

మఱియొక చిన్న కోరిక కూడ కలదు. దీనికి పెద్ద వ్యయమక్కరలేదు. గొల్లపల్లి జలాశయపు కట్టమీద, కృష్ణానీరు లోనికి వచ్చుచోట, ఒక రాతిపలక నిలిపి, దానిమీద 1388 నాటి ఆ శాసనమును నేటి తెలుగు లిపిలో, తెలుగు తాత్పర్యముతో చెక్కింపవలెను. దాని క్రింద ప్రారంభోత్సవము చేసినవారి పేర్లు వద్దు. సింగయభట్టు పేరొక్కటి చాలును.